ఎడమ ట్రే

టాంపా నుంచి దక్షిణంగా ఓ గంట కారులో వెళితే సరసోటా. ఆ చుట్టుపక్కల నేల లోతుగా తవ్వితే గుల్లలే గుల్లలు. ప్లయోసీన్ కాలంలో, అంటే సుమారు 30 లక్షల ఏళ్ళ క్రితం, అదంతా లోతు తక్కువ సముద్రం. అప్పటి నత్తలూ ఆల్చిప్పలూ పొరలు పొరలుగా అలాగే పడి ఉన్నాయి. ఇక్కడివాళ్ళు క్వారీల్లో వాటిని తవ్వి రోడ్ల అడుగున కంకర బదులు పోస్తారు. నేను రోజూ ఆఫీసుకి వెళ్ళే దారి కింద కూడా అవే ఉన్నాయేమో.

నేను చదివింది ఇంజనీరింగ్, చేసేది సాఫ్ట్‌వేర్, అప్పుడప్పుడూ రాసేది పుస్తక సమీక్షలు. నత్తలతో ఈ మూడింటికీ ఏ సంబంధమూ లేదు. ఒక శనివారం ఊరికే చూద్దామని ఒక శిలాజాల క్లబ్బుకి వెళ్ళాను. బకెట్టెడు గుల్లలు ఇచ్చి, వేరుచెయ్యమన్నారు. గంటసేపు కూర్చుని నాకు తోచినట్టు పెద్దవీ చిన్నవీ, ముళ్ళున్నవీ నున్నగా ఉన్నవీ ట్రేల్లో సర్దాను. అన్నిటికంటే గర్వంగా సర్దిన ట్రే ఒకటుంది. ఎడమవైపు చుట్టుకున్న గుల్లలన్నీ ఏరి అందులో పెట్టాను. నత్తల్లో నూటికి తొంభైకి పైగా కుడి చుట్టువే అని ఎక్కడో చదివి ఉన్నాను కాబట్టి, ఈ ఎడమవి దొరకడం గొప్పగా అనిపించింది.

అక్కడ చాలా ఏళ్ళుగా పనిచేస్తున్న ఒక రిటైర్డ్ పెద్దాయన వచ్చి ఆ ట్రే చూసి నవ్వాడు. "ఎడమచేతివాటం వాళ్ళంతా ఒకే తల్లి పిల్లలా?" అన్నాడు. అని, నా ట్రేలోవి తీసి మూడు చోట్ల పెట్టాడు. అరచేతికంటే పెద్దగా, కింద పొడుగ్గా తొండంలాంటి గొట్టం ఉన్నవి ఒకచోట. శంకువు ఆకారంలో, పైన చదరంగా ఉన్నవి ఇంకోచోట. బియ్యపుగింజంత సన్నటివి మూడోచోట. మొదటివి వెల్క్‌లు, రెండోవి కోన్ నత్తలు, మూడోవి ట్రైఫోరిడ్‌లు. ఈ మూడూ దగ్గరి చుట్టాలు కూడా కావు. ఎవరికి వారే, వేరు వేరు కాలాల్లో, ఎడమవైపు తిరిగారు.

ఎడమ చుట్టు అంటే ఏమిటో ముందు చెప్పాలి. ఎందుకంటే నాకు ఇది చిన్నప్పటినుంచీ తలకిందులుగా తెలుసు. గుల్ల కొన పైకి, నోరు మనవైపు ఉండేలా పట్టుకుంటే, నోరు కుడివైపు కనిపిస్తే కుడి చుట్టు, ఎడమవైపు కనిపిస్తే ఎడమ చుట్టు. శాస్త్రంలో లెక్క ఇంతే. మనవాళ్ళు శంఖాన్ని అలా పట్టుకోరు. తొండం పైకి, కొన కిందికి పెట్టి చూస్తారు. గుల్ల అదే, దాని మెలికా అదే, కానీ నోరు మాత్రం ఇప్పుడు రెండోవైపు కనిపిస్తుంది. అందుకే మనం దక్షిణావర్త శంఖం అని కళ్ళకద్దుకునేది శాస్త్రం లెక్కలో ఎడమ చుట్టుది. మామూలు శంఖం, టర్బినెల్లా పైరమ్, కుడి చుట్టుది. లక్షల్లో ఎప్పుడో ఒకటి ఎడమకి తిరుగుతుందంటారు. తమిళులు దాన్నే వలంపురి అంటారు, అంటే వాళ్ళకీ అది 'కుడి'దే. మద్రాసు ఫిషరీస్ బ్యూరోలో పనిచేసిన జేమ్స్ హోర్నెల్ 1914లో మన శంఖం మీద ఒక పుస్తకమే రాశాడు. దాన్ని చదివేదాకా, మా ఇంట్లో 'కుడి' అన్నదాన్ని ఇక్కడ 'ఎడమ' అంటున్నారని నాకు తట్టనేలేదు.

మా ఇంట్లో అని ఎందుకన్నానంటే, ఏలూరులో మా పూజగదిలో ఒక దక్షిణావర్త శంఖం ఉంది. 2006లో నాన్న కొన్నాడు, పదకొండు వేలు పెట్టి. అప్పట్లో ఎరువుల కొట్టు నష్టాల్లో ఉంది. ఎవరో ఇంటికొచ్చి, ఇది ఉంటే లక్ష్మి కదలదు అని చెబితే, అమ్మకి చెప్పకుండా కొనేశాడు. కొట్టు ఆ తర్వాత రెండేళ్ళకి మూతపడింది. అమ్మ ఆ పదకొండు వేలు నాన్న ఉన్నన్నాళ్ళూ మర్చిపోలేదు, మర్చిపోనివ్వలేదు. 2019లో నాన్న పోయాడు. అప్పట్నుంచీ ఆవిడే రోజూ దాన్లో నీళ్ళు పోసి దణ్ణం పెట్టుకుంటోంది. ఎందుకో అడగలేదు నేను.

ట్రే సంగతికి వస్తాను. ఆ పెద్దాయన దగ్గర తర్వాత రెండేళ్ళు నేర్చుకున్నదంతా ఒక్క ముక్కలో చెప్పాలంటే, కంటికి మొట్టమొదట కనిపించే సంగతే వర్గీకరణకి అన్నిటికంటే తక్కువ పనికొస్తుంది. కానీ పేర్లు పెట్టినవాళ్ళంతా మొదట దానికే పడిపోయారు. పేర్లు చూడండి. 1758లో లిన్నేయస్ ఒక ఎడమ వెల్క్‌కి పెట్టిన పేరు పర్వర్సస్, అంటే తిరగబడ్డది, వక్రం. 1771లో ఇంకో ఎడమ నత్తకి కాంట్రేరియస్, ఎదురు తిరిగింది. 1840లో టిమతీ కాన్రాడ్ ఉత్తర కరోలైనాలో దొరికిన శిలాజాలకి పేర్లు పెడుతూ, ఎడమ వెల్క్‌ని మళ్ళీ కాంట్రేరియస్ అన్నాడు, ఎడమ కోన్‌ని అడ్వర్సేరియస్ అన్నాడు. ప్రత్యర్థి అని. పాపం ముప్ఫై లక్షల ఏళ్ళ క్రితం చచ్చిన నత్త ఎవరికి ప్రత్యర్థి? అదే మెలికని మనం లక్ష్మీదేవి అన్నాం. రెండు చోట్లా చూసింది మెలికనే, నత్తని ఎవరూ చూడలేదు.

దీనివల్ల జరిగిన నష్టం పేర్లతో ఆగలేదు. ఇంగ్లండులో ఎసెక్స్ తీరాన వాల్టన్-ఆన్-ద-నేజ్ అనే ఊరుంది. అక్కడి కొండచరియల్లో, రెడ్ క్రాగ్ అనే తుప్పురంగు ఇసుకపొరలో, ఎడమ చుట్టు నెప్ట్యూనియా గుల్లలు బోలెడు దొరుకుతాయి. చాలాకాలం వాటిని లిన్నేయస్ పేరుతోనే నెప్ట్యూనియా కాంట్రేరియా అన్నారు. కారణం, ఆ పేరున్న ఎడమ నత్త ఒకటి దక్షిణాన స్పెయిన్, పోర్చుగల్ వైపు సముద్రాల్లో ఇప్పటికీ బతికుంది. ఇదీ ఎడమే, అదీ ఎడమే, కాబట్టి ఒకటే. తర్వాతెప్పుడో గుల్ల భుజాలూ గీతలూ పక్కపక్కన పెట్టి చూస్తే వేరని తేలింది. రెడ్ క్రాగ్‌దాన్ని ఇప్పుడు నెప్ట్యూనియా అంగ్యులాటా అంటున్నారు.

ఫ్లోరిడాలోనూ ఇదే కథ. ఇక్కడి బీచిల్లో బతికున్న ఎడమ వెల్క్‌ని లైట్నింగ్ వెల్క్ అంటారు. దాని మీద గోధుమరంగు గీతలు మెరుపుల్లా ఉంటాయి. చాలాకాలం దాన్ని కాన్రాడ్ శిలాజానికి పెట్టిన పేరుతోనే పిలిచారు. 1958లో ఎస్.సి. హాలిస్టర్ అనే ఆయన కూర్చుని, శిలాజం వేరు, బతికున్నది వేరు అని తేల్చి, బతికున్నదానికి సినిస్ట్రమ్ అనీ, ఎడమ వెల్క్‌ల గుంపు మొత్తానికి సినిస్ట్రోఫల్గర్ అనీ పేర్లు పెట్టాడు. ఈయనంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. ఎందుకంటే ఆయన వృత్తిరీత్యా నత్తల మనిషి కాదు, సివిల్ ఇంజనీరు. కార్నెల్ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ కాలేజీకి డీన్. మనలాంటివాడే అని అనుకోవడంలో ఒక సుఖం ఉంది, అనుకోనివ్వండి. అయితే ఆయన మాటా చివరిది కాలేదు. జన్యువులు చూసినవాళ్ళలో కొందరు, బతికున్న ఎడమవన్నీ కలిపి లిన్నేయస్ చెప్పిన పర్వర్సస్ ఒక్కటే అన్నారు. రెండు వందల యాభై ఏళ్ళు తిరిగి మళ్ళీ 'వక్రం' దగ్గరికే వచ్చాం.

కోన్‌ల సంగతి ఇంకా చిక్కు. ఇప్పుడు బతికున్న కోన్ జాతులు వందల్లో ఉన్నాయి. అన్నీ కుడివే. ఎప్పుడైనా ఒకటి పొరపాటున ఎడమకి పుట్టొచ్చు గానీ, జాతి మొత్తం ఎడమగా ఉన్నది ఒక్కటీ లేదు. ప్లయోసీన్‌లో మాత్రం ఉండేది, అదే కాన్రాడ్ గారి ప్రత్యర్థి. వీటి గుల్లలు ఒక్కోటి ఒక్కోలా ఉంటాయి. కొన్నింటికి పైభాగం పొడుగ్గా, కొన్నింటికి చప్పగా. దాంతో ఒక్కో ఆకారానికి ఒక్కో పేరు పెట్టుకుంటూ పోయినవాళ్ళున్నారు. 2008లో జోనథన్ హెండ్రిక్స్ అనే శాస్త్రవేత్త ఈ ప్రాంతపు కోన్ శిలాజాలన్నీ తిరగేసి, ఇది చాలా మారుతూ ఉండే ఒకే జాతి అన్న వైపు మొగ్గాడు. నాకు ఆయన పద్ధతి నచ్చింది. ఒక రచయిత ప్రతి కథకీ కొత్త వాదం పేరు తగిలించే విమర్శకుల మధ్య పెరిగినవాణ్ణి కదా.

అసలు ఎడమ చుట్టు సముద్రంలో ఎందుకంత అరుదు అన్నదానికి కూడా ఆయన గుల్లలోనే జవాబు వెతికాడు. గుల్ల కొనలో, నత్త పుట్టినప్పటి బుల్లి గుల్ల అలాగే ఉండిపోతుంది. అది చిన్నగా, ఎక్కువ చుట్లతో ఉంటే, పిల్ల కొన్నాళ్ళు సముద్రంలో తేలుతూ తిరిగిందని అర్థం. పెద్దగా, మొద్దుగా ఉంటే, గుడ్డులోంచి వచ్చీ రాగానే అక్కడే పాకడం మొదలుపెట్టిందని అర్థం. ఈ ఎడమ కోన్‌ల కొన మొద్దుగా ఉంటుంది. లైట్నింగ్ వెల్క్ పిల్లలూ అంతే, గుడ్ల సంచుల్లోంచి నేరుగా పాకుతూ వస్తాయి. వాదన ఏమిటంటే, ఎడమకి తిరిగిన నత్తకి కుడి నత్తతో జతకట్టడం కష్టం. పిల్లలు అలల్లో కొట్టుకుపోతే ఎడమదానికి ఇంకో ఎడమది ఎక్కడ దొరుకుతుంది? పుట్టినచోటే ఉండిపోతే అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ పక్కనే ఉంటారు కాబట్టి, అప్పుడే ఎడమ నిలబడుతుంది. మెలిక ఎలా వస్తుందన్నదీ విచిత్రమే. 1923లో మంచినీటి నత్తల మీద చేసిన పనిలో తేలింది, నత్త ఎటు తిరగాలో దాని సొంత జన్యువులు నిర్ణయించవు, తల్లి జన్యువులు నిర్ణయిస్తాయి. ఇన్హెరిటెన్స్ గురించి ఇంటర్వ్యూల్లో నేను అడిగే ప్రశ్నలన్నీ దీని ముందు దిగదుడుపే.

ఈ గొడవంతా, చేతిలో ఉన్నది నిజంగా ఎడమ చుట్టు గుల్లే అయితే. పాత రాళ్ళలో అదీ నమ్మకంగా చెప్పలేం. గుల్ల కరిగిపోయి రాయి మీద దాని అచ్చు మాత్రమే మిగిలితే, ఆ అచ్చులో కుడి ఎడమగా కనిపిస్తుంది, రబ్బరు స్టాంపు మీద అక్షరాల్లాగా. గుల్ల సరిగ్గానే ఉన్నా మోసం ఉంది. ఆర్డోవిషియన్ కాలపు మాక్ల్యూరైట్స్ అని పెద్ద నత్త ఒకటుంది, వెర్మాంట్‌లో లేక్ షాంప్లేన్ ద్వీపాల్లో సున్నపురాయి నిండా దాని చుట్లే. చూస్తే ఎడమ. కానీ నోటికి అడ్డుపెట్టుకునే దాని మూత మీది చుట్టు చూసి, లోపలి జీవి కుడిదేననీ, గుల్ల మాత్రం కొన లోపలికి నెట్టినట్టు తిరగబడిందనీ చాలామంది అంటారు. చొక్కా కుడిదే, లోపలిది బయటికి వేసుకున్నాడన్నమాట. ఇలాంటివి కేంబ్రియన్, ఆర్డోవిషియన్ రాళ్ళలో ఇంకా ఉన్నాయి. అవి అసలు నత్తలే కావు, వాటికి వేరే తరగతి పెట్టాలి అని 1984లో లిన్స్‌లీ, కియర్ అనే ఇద్దరు ప్రతిపాదించారు. ఆ పేచీలోకి వెళ్ళే దమ్ము నాకు లేదు.

పుస్తకాల్లో బొమ్మల్ని నమ్మేదీ కష్టమే. రెంబ్రాంట్ 1650లో ఒక కోన్ గుల్లని ఎచింగ్ చేశాడు. గొప్ప బొమ్మ. రాగిరేకు మీద చెక్కింది కాగితం మీద తిరగబడి పడుతుంది కాబట్టి సంతకాన్ని రేకు మీద తిప్పి చెక్కాడు. గుల్లని మాత్రం తిప్పలేదు. బొమ్మలో పేరు సరిగ్గా ఉంటుంది, కుడి గుల్ల ఎడమగా ఉంటుంది. పాత నత్తల పుస్తకాల్లో పేజీలకి పేజీలు ఇలాగే తిరగబడి ఉండటం గురించి స్టీఫెన్ జే గూల్డ్ ఒక వ్యాసం రాశాడు. 'డైనోసార్ ఇన్ ఎ హేస్టాక్' పుస్తకంలో ఉంది. గూల్డ్ ప్రతి చిన్న సంగతిలోంచీ పెద్ద సిద్ధాంతం లాగుతాడని నాకు కంప్లయింట్ ఉంది గానీ, ఈ ఒక్క వ్యాసం మాత్రం చదివినవాడు జన్మలో గుల్ల బొమ్మని నమ్మడు.

నేను చదివీ నమ్మాను.

పోయిన శ్రావణంలో అమ్మతో వీడియో కాల్ మాట్లాడుతూ, ఈ కుడి ఎడమల సంగతి చెప్పి, మన శంఖం ఫోటో ఒకటి తీసి పంపమన్నాను. పంపింది. ఫోటోని కొన పైకి వచ్చేలా తిప్పాను. నోరు కుడివైపు ఉంది. అంటే మామూలు కుడి చుట్టు శంఖం, బజార్లో వందో రెండొందలో. నాన్నకి పదకొండు వేలకి అంటగట్టారన్నమాట. కోపం వచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ఫోన్ చేసి చెప్పేద్దామా అని మళ్ళీ ఫోటో తెరిచాను. అప్పుడు కనిపించింది, శంఖం వెనకాల గోడ మీద క్యాలెండరు. అందులో అంకెలన్నీ తిరగబడి ఉన్నాయి. అమ్మ సెల్ఫీ కెమెరాతో తీసింది. రెంబ్రాంట్ సంతకం లాగా మా ఇంటి క్యాలెండరు.

అంటే ఎడమ చుట్టు నిజమే! ఒక పది నిమిషాలు నాన్న గెలిచాడు. ఆ పది నిమిషాలూ వంటింట్లోకీ హాల్లోకీ తిరుగుతూనే ఉన్నాను.

తర్వాత ఫోటోని పెద్దది చేసి చూశాను. తొండం పొడుగు. భుజం మీద అరగదీసిన గుబ్బల ఆనవాళ్ళు. శనివారం శనివారం నేను చేతిలో పట్టుకుంటున్న ఆకారమే అది. అమ్మకి ఫోన్ చేసి టార్చి తెచ్చుకోమన్నాను. "నోట్లోంచి లోపలికి చూడమ్మా, నడుమ ఇరుసులాంటిది ఉంటుంది. దాని మీద అడ్డంగా మెట్లలాగా మూడు నాలుగు మడతలు ఉన్నాయా?"

"కనిపించట్లేదురా. వేలు పెట్టి చూడనా?"

"చూడు."

కొంచెంసేపు చప్పుడు లేదు. "నున్నగా ఉంది," అంది. "ఏంట్రా, ఎందుకు?"

"ఊరికే," అన్నాను.

మన శంఖానికి ఇరుసు మీద ఆ మడతలు తప్పకుండా ఉంటాయి. కుడిదైనా ఎడమదైనా. వెల్క్‌కి అలాంటివి ఉండవు. లైట్నింగ్ వెల్క్‌లని మన దగ్గర దక్షిణావర్త శంఖాలని అమ్మడం ఎప్పట్నుంచో ఉన్న వ్యాపారమే. ఇక్కడ అవి అన్నీ ఎడమవే కాబట్టి, ఎడమ అన్న ఒక్క పరీక్షలో ప్రతిదీ పాసవుతుంది. నేను మొదటి రోజు పెట్టిన పరీక్షా అదే. నాన్నా నేనూ ఒకే ట్రే సర్దాం.

ఇంకో సంగతి కూడా ఉంది. ఫ్లోరిడాలో కలూసహాచీ నది ఒడ్డు పొరల్లో ఒక పెద్ద కుడి చుట్టు గుల్ల శిలాజంగా దొరుకుతుంది. 1886లో హైల్‌ప్రిన్ దానికి టర్బినెల్లా రెజీనా అని పేరు పెట్టాడు. అంటే మన శంఖం కుటుంబమే, మడతలతో సహా. అంటే ఒకప్పుడు ఇక్కడ శంఖమూ వెల్కూ ఒకే ఇసుకలో పాకాయి. క్లబ్బులో ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి లోపలికి టార్చి వేసి చాలాసేపు చూశాను. ఫోటో తీశాను. అమ్మకి పంపలేదు.

మూడు నెలలు చెప్పలేదు. చెప్పకపోతే ఏమవుతుంది, ఆవిడ మానాన ఆవిడ నీళ్ళు పోసుకుంటుంది కదా అనుకున్నాను. కానీ క్లబ్బులో ఎవరో ముచ్చటపడి రాసిన తప్పు లేబుల్ తీసి, సరైనది రాసి అంటించే పని నాదే. అక్కడ ఎవరి మనసు నొప్పించడానికీ వెనకాడను. ఇంట్లో మాత్రం లేబుల్ అలాగే ఉంచుతున్నానన్న ఇబ్బంది పోలేదు. డిసెంబర్లో ఏలూరు వెళ్ళాను. రెండోరోజు పొద్దున్నే పూజయ్యాక, శంఖం చేతిలోకి తీసుకుని, ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఎడమ చుట్టు నిజమే, శంఖం మాత్రం కాదు, అమెరికాలో దొరికే వేరే నత్త, మా దగ్గర బీచిలో ఉంటుంది అని.

అమ్మ తువ్వాలుతో దాన్ని తుడుస్తూ విని, "అయితే మీ ఊరిదా ఇది?" అంది.

"అవును. అక్కడ అన్నీ ఇలాగే ఉంటాయి. ఇది అక్కడ మామూలే."

"మీ నాన్నని మోసం చేశారంటావ్."

ఏమీ అనలేకపోయాను. ఆవిడ దాన్ని పీట మీద పెట్టి, నోరు పైకి వచ్చేలా సర్ది, నీళ్ళు పోసింది. కాసేపు ఆలోచించి అడిగింది. "మన దగ్గర కుడివి మామూలు, ఎడమది గొప్ప. అక్కడ ఎడమవి మామూలైతే, కుడిది పుడుతుందా ఎప్పుడైనా?"

"పుడుతుంది. చాలా చాలా అరుదు. నేనింతవరకూ చూడలేదు."

"దొరికితే తీసుకురా," అంది అమ్మ. "రెండూ పక్కపక్కన పెడదాం."